ఆరు - పదహారు

తెలుగు పంతులుకు టైర్లతో పనేమిటని మీరు అడగవచ్చు. మా కాలేజీలోనూ అడిగారు. స్టాఫ్‌రూములో కూర్చుని పాత ప్రశ్నపత్రాల వెనక అంకెలు వేసుకుని గుణిస్తూ వుంటే, లెక్కలు చెప్పే మిత్రుడొకాయన తొంగిచూసి, "ఏమండోయ్, ఇదేం ఛందస్సు?" అన్నాడు. "రబ్బరు ఛందస్సు" అన్నాను. ఆయన నవ్వుకుంటూ క్లాసుకు వెళ్ళిపోయాడు గాని, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ అంకెలు కుదరకపోతే మా బాపు ఇక బండి ముట్టడని నాకు తెలుసు.

బాపు బండి అంటే జీపు. మహీంద్రా వారిది, 1968 నాటిది. వెనక సీట్లుండవు; సరుకు వేసుకునే ఇనపతొట్టి వుంటుంది. మావైపు దాన్ని పికప్పు అంటారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆ కంపెనీవారు అమెరికా నించి విల్లీస్ జీపుల సామాను తెప్పించి బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టారు గదా, ఆ వంశంలోదే ఇదీ. బాపు 1979లో ఒక కాంట్రాక్టరు దగ్గర పాతబండిగా కొన్నాడు. మరుసటి యేడు నేను పుట్టాను. అంచేత మా అమ్మ బతికున్నన్నాళ్ళూ జీపును 'పెద్దోడు' అనీ, నన్ను 'చిన్నోడు' అనీ పిలిచేది. పెద్దోడికి తిండి పెట్టడమే కష్టంగా వుందని పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా గొణిగేది కూడా.

నర్సంపేట అవతల మా వూరు. పత్తి, మిరపకాయ ఆ తొట్టిలోనే వరంగల్లు చేరేవి. నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.లో చేరిననాడు నా ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, అమ్మ కట్టిన సకినాల డబ్బా కూడా అందులోనే వచ్చాయి. హనుమకొండలో ఇల్లు కట్టుకుని బాపును తెచ్చుకున్న తరవాత కూడా, ఆయన వారానికి రెండుసార్లు తెల్లవారుజామునే జీపు తీసి పొలం చూడబోయేవాడు. డెబ్భై మూడేళ్ళ మనిషి. నలభై మూడు కిలోమీటర్లు. మీటరు ప్రతిసారీ సరిగ్గా అంతే చూపించేది. "మనూరు నలభై మూడు" అనేది మా ఇంట్లో ఎక్కాల పుస్తకంలో మాటంత ఖాయం.

2023 దసరా ముందు టైర్లు పగుళ్ళిచ్చాయి. గాట్లు అరగలేదు, కాని పక్కగోడలు ఎండిన చెరువులాగ నెర్రెలు బారాయి. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు వచ్చి చూసి, "మామా, ఇంకా ఈ సైకిలు టైర్లేంది? పెద్దవి వేద్దాం" అన్నాడు. ఫోనులో బొమ్మలు చూపించాడు. నిజం చెప్పాలి, నాకూ ముచ్చట వేసింది. బాపుకు చెప్పకుండా చేయించి ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆశ్చర్యపరచడమనేది ఎంత ప్రమాదకరమైన పనో ఇప్పుడైతే తెలుసు.

నేను ఆ కొట్టు పేరు చెప్పను. పాత రిమ్ములు అయిదూ తూకానికి తీసుకుని, వెడల్పాటి పదిహేనంగుళాల రిమ్ములు నాలుగు, వాటికి ముప్ఫయి ఒక్క అంగుళం ఎత్తు, పదిన్నర అంగుళాల వెడల్పు వున్న రేడియలు టైర్లు నాలుగు తొడిగారు. అయిదోది వద్దా అంటే, "పాత టైరు రిమ్ముతో సహా ఒకటి వుంచుకోండి సార్, స్టెప్నీకి సరిపోతుంది" అని ఒకటి తిరిగి ఇచ్చారు. బోల్టులు సరిపోయాయి. అయిదు బోల్టుల జీపు గదా. ఆ అయిదూ అయిదున్నర అంగుళాల వలయం మీద వుంటాయి, పాతదైనా కొత్తదైనా. బోల్టులు సరిపోతే బండికి సరిపోయినట్టేననుకున్నాను. జాతకంలో ఒక్క నక్షత్రం చూసి పెళ్ళి ఖాయం చేసినట్టు.

బండి వీధిలోకి వచ్చేసరికి పిల్లలు మూగారు. మా శ్రీమతి గుమ్మంలోనించి చూసి, "పెద్దోడికి బూట్లు తొడిగించారా?" అంది. బాపు చుట్టూ ఒకసారి తిరిగాడు. చెయ్యి పెట్టి తడిమాడు. "ఎంతయిందిరా?" అని మాత్రం అడిగాడు. నేను సగం చెప్పాను. ఆయన ఆ సగానికే తల పంకించి లోపలికి పోయాడు.

వూరికి వెళ్ళివచ్చిన మొదటి రోజే అన్నాడు: "ఏందిరా, మనూరు దగ్గరికొచ్చిందా? మీటర్ల ముప్ఫై తొమ్మిదిన్నరే సూపెడుతుంది." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. భుజం రుద్దుకుంటూ పడుకున్నాడు.

కార్తీకంలో మొదటి పత్తి వేసుకుని ఎనుమాముల మార్కెట్టుకు వెళ్ళాం. నేను పక్కన కూర్చున్నాను. ఆ యార్డు సంగతి వరంగల్లు వారికి చెప్పనక్కరలేదు. సీజనులో ట్రాలీలు, ఆటోలు, లారీలు, మధ్యన మనుషులు. కాంటా దగ్గర బండిని వెనక్కు తిప్పాలి. నలభై యేళ్ళుగా ఒంటి చేత్తో చేసిన పని. ఆ రోజు రెండు చేతులూ వేశాడు. తిరగలేదు. మోకాలు తలుపుకు ఆనించి, పళ్ళు బిగించి లాగాడు. సగం తిరిగి టైరు ఎక్కడో రాసుకుని కీచుమంది. వెనక లారీవాడు హారను వదలడు. ఎవడో కుర్రవాడు, "తాతా, దిగు, నేను తిప్పుత" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు పాపం.

బాపు దిగాడు. నాకు తాళం ఇచ్చి, "ఇగ నాతోని గాదురా. నువ్వే తోలు" అన్నాడు.

అంతే. తరవాత రెండు నెలలు ఆయన జీపు ఊసెత్తలేదు. పొద్దున్నే లేచి పేపరు చదవడం, మధ్యాహ్నం కూడా అదే పేపరు చదవడం. ఒకనాడు మా శ్రీమతితో, పొలం కౌలుకిచ్చేస్తే ఎట్లుంటుందమ్మా అని అడిగాడట. ఆవిడ రాత్రి నాతో ఈ మాట చెప్పి, "ఏమండీ, మామయ్య ఒక్కసారిగా ముసలివారైపోయారు" అంది. నేను కూడా అల్లాగే అనుకున్నాను. వయసు వచ్చింది, ఎన్నాళ్ళు నడుపుతాడు, డాక్టరుకు భుజం చూపిద్దాం అని. కొడుకులం ఇల్లాంటి సంగతులు ఎంత తొందరగా నమ్ముతామో!

సంక్రాంతి వెళ్ళిన తరవాత మిగిలిన పత్తి తేవలసి వచ్చి నేనే బండి తీసుకుని వూరు వెళ్ళాను. మేనల్లుడు తోడు వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు వెనక చక్రం పంక్చరైంది. ఆ పాత స్టెప్నీ బిగించాం. మూడు చక్రాలు ముప్ఫయి ఒకటి, ఒకటి ఇరవై ఎనిమిదిన్నర. బండి ఒక పక్కకు వాలి అష్టావక్రుడిలాగ నడిచింది. వాలితే వాలింది గాని, నన్ను ఆలోచింపజేసింది అది కాదు. ఇంటికొచ్చేసరికి నా రెండు భుజాలూ పట్టేశాయి. మర్నాడు క్లాసులో బోర్డు మీద నాలుగు పాదాల పద్యం రాయడానికి చెయ్యి పైకి లేవలేదు. నాకు నలభై మూడేళ్ళు. నాకే ఇల్లా వుంటే?

ఆటోనగర్‌లో ఒక ఉస్తాదు వున్నాడు. జీపులంటే ప్రాణం. ఆయన బండి చుట్టూ తిరగలేదు. ముందు చక్రం దగ్గర గొంతుకు కూర్చుని, వేళ్ళతో కొలిచి, తల పట్టుకున్నాడు.

"ఎవరు తోల్తరు సార్ దీన్ని?"

"మా బాపు తోలేవాడు. ఇప్పుడు చాతకావడం లేదు."

"పెద్దాయన చేతుల్ల దమ్ము తగ్గలే సార్. గాడీకి కాళ్ళు పెద్దవైనయ్."

తరవాత ఆయన నాకు చెప్పిన పాఠం, నేను ఇరవై యేళ్ళుగా చెబుతున్న పాఠాలకంటె స్పష్టంగా వుంది. వెడల్పు టైరు లోపల పట్టీ స్ప్రింగులకు రాసుకోకుండా వుండాలంటే రిమ్మును బయటికి జరపాలి. చక్రం తిరిగేది లోపలి కీలు మీద. కీలుకు చక్రం ఎంత దూరమైతే నేల అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. "బిందె చంకల పెట్టుకుంటే బరువు తెల్వది సార్. చెయ్యి చాపి పట్టుకోండ్రి, తెలుస్తది." పైగా ఆరంగుళాల రబ్బరు ఆనే చోట పదిన్నర అంగుళాలు ఆనుతున్నది. ఈ బండికి పవరు స్టీరింగు లేదు. వున్న పవరంతా నడిపేవాడి భుజాలదే. టైరు ఎత్తు పెరిగితే ఇంజను లాగవలసిన బరువూ పెరిగినట్టే, పాత డ్రము బ్రేకులు ఆపవలసినదీ పెరిగినట్టే. స్టెప్నీ సంగతి వినగానే మాత్రం ఆయనకు కోపం వచ్చింది. ఒకే ఇరుసు మీద ఒకటి పెద్దది, ఒకటి చిన్నది పెడితే రెండూ సమానంగా తిరగవు, ఆ తేడా అంతా మధ్యన డిఫరెన్షియలు మింగాలి. "నలభై కిలోమీటర్లు తోలిండ్రా! చదువుకున్నోళ్ళు సార్ మీరు!"

ఉస్తాదు చాక్‌పీసు తెమ్మన్నాడు. ఆ ఒక్క సామాను మాత్రం నా జేబులో ఎప్పుడూ వుంటుంది. పాత స్టెప్నీకి ఒక గీత, నేలమీద ఒక గీత. ఒక్క చుట్టు దొర్లించి టేపు పెట్టాడు. ఏడడుగుల అయిదంగుళాలకు కాస్త అటూ ఇటూ. కొత్త చక్రం విప్పి దొర్లిస్తే ఎనిమిదడుగులు దాటింది. మీటరుకు అడుగులు తెలియవు, చుట్లే తెలుసు. పాత చుట్టు లెక్కతో కొత్త చుట్లు లెక్కపెట్టి, నలభై మూడుకు ముప్ఫై తొమ్మిదిన్నర చూపించింది. బాపు మొదటి రోజే చెప్పాడు. నేను నవ్వాను.

అప్పటినించి నాకు టైరు అంకెలు చదవడం వ్యసనమైంది. దారిన పోయే బళ్ళ దగ్గర ఆగి వంగి చూసేవాణ్ణి. మా శ్రీమతి పక్కన నడవడం మానుకుంది. మీకు కూడా చెప్పేస్తాను, కష్టమేమీ లేదు. మా బండి పాత టైరు మీద 6.00-16 అని వుంటుంది. ఆరంగుళాల వెడల్పు, పదహారంగుళాల రిమ్ము. మధ్యలో గీత వుంటే లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ అల్లినవని అర్థం. 'ఆర్' వుంటే రేడియలు. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్ జీపులు తొడుక్కున్నది ఈ ఆరు-పదహారే. కొత్త పద్ధతిలో 235/75 ఆర్ 15 అంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో నూటికి డెబ్భై అయిదు వంతులు, రిమ్ము పదిహేనంగుళాలు. ఒకే మాటలో మిల్లీమీటరు, శాతం, అంగుళం! మిశ్రసమాసాలు కూడదని పిల్లలకు మార్కులు కోసేవాణ్ణి నేను.

ప్లై రేటింగు అని ఇంకొకటి రాస్తారు. పూర్వం టైరు లోపల నూలు దారాల పొరలు వేసేవారు. నాలుగు పొరలా, ఆరా అన్నది దాని బలం. తరవాత రేయాను వచ్చింది, నైలాను వచ్చింది, నూలు పోయింది; లెక్క మాత్రం ఆ నూలు పొరలదే మిగిలింది. నలభై యేళ్ళు పత్తి మోసిన బండికి పత్తితోనే ఇల్లాంటి చుట్టరికం వున్నట్టు బాపుకైనా తెలుసో లేదో.

'స్టెప్నీ' సంగతి మరీ విడ్డూరం. ఇంగ్లీషు నిఘంటువులో వెతికితే మన అర్థంలో ఆ మాట కనబడడమే కష్టం. వేల్సు దేశంలో లనెల్లీ అనే వూళ్ళో స్టెప్నీ వీధి అని ఒకటుంది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు పంక్చరైన చక్రానికి తగిలించే విడి చక్రం తయారుచేసి ఆ వీధి పేరే పెట్టారు. అప్పటి కార్లకు అదనపు చక్రమే వుండేది కాదు. ఆ వీధి పేరు సముద్రాలు దాటి వచ్చి నర్సంపేట రోడ్డుమీద పంక్చరు కొట్లో కూర్చుంది. మాటలకు కూడా చక్రాలుంటాయి కాబోలు.

మేనల్లుడు వూరుకోలేదు. తప్పు తనదేనని వాడికి బాధ. రెండు రాత్రులు కూర్చుని మధ్యేమార్గం తెచ్చాడు. "మామా, 235/75 ఆర్ 15 వేస్తే ఎత్తు ఇరవై తొమ్మిదంగుళాలకు లోపే. మీటరు దాదాపు సరిగ్గనే వుంటది." లెక్క వేస్తే నిజమే. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుంది గదా; మాత్రల మొత్తం మారదు. అల్లాగే ఇక్కడ రిమ్ము ఒక అంగుళం తగ్గినా రబ్బరు గోడ పెరిగి ఎత్తు దాదాపు అంతే వుంటుంది. కాని చంపకమాలలో యతి పదో అక్షరం నించి పదకొండుకు జరుగుతుంది. ఇక్కడ జరిగేది వెడల్పు: ఆరంగుళాల చోట తొమ్మిదింబావు. వెడల్పు రిమ్ము మళ్ళీ కావాలి, చక్రం మళ్ళీ బయటికి రావాలి. చెడ్డ టైరు కాదు. ముప్ఫయ్యేళ్ళవాడు రోజూ హైదరాబాదు వెళ్ళివచ్చే బండయితే నేనూ దానికే ఓటు వేద్దును. మా బండి నడపవలసినవాడికి డెబ్భై మూడు.

పైగా మా పొలం దారి రేగడి. వర్షం పడితే వెడల్పు టైరు బురద మీద తేలి జారుతుంది. సన్న టైరు బురదను కోసుకుని అడుగున గట్టినేల పట్టుకుంటుంది. ఎడ్లబండి చక్రానికి సన్నని ఇనపపట్టా వేసి, మనిషి రొమ్ముదాకా ఎత్తు పెట్టిన మా తాతల నాటి వడ్రంగులకు ఈ సంగతి తెలుసు. ఇసుక దారయితే లెక్క వేరు; అక్కడ వెడల్పే గెలుస్తుంది.

చట్టం కూడా అడ్డమే. తయారుచేసినవారు చెప్పినదానికి విరుద్ధంగా బండిని మార్చుకోకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. బాపు పాత ఆర్.సి. పుస్తకం తీసి చూస్తే టైర్ల కొలత గడిలో ఎవరో గుమాస్తా నల్లసిరాతో గుండ్రంగా రాసిన 6.00-16 కనబడింది. అన్నీ తిరిగి తిరిగి, మొదట వున్న చోటికే వచ్చాను.

ఇప్పుడు ఆ కొలత దొరకాలి. దొరకదేమోనని భయపడ్డాను గాని, ఏ వీధిలో చూసినా అదే! ట్రాక్టరు ముందు చక్రాలకు చాలావాటికి ఆరు-పదహారే. ధర కూడా చవక. ఆశగా ఉస్తాదుకు ఫోను చేస్తే ఒక్క కేక వేశాడు. అవి పొలంలో మెల్లగా నడిచేందుకు చేసినవట, గాట్లు కూడా నిలువు గీతలు. రోడ్డుమీద వేగానికి, బ్రేకుకు పనికిరావు. అంకెలు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకటి కాడు అన్నాడు. జీపు టైర్లు వేరే వున్నాయి. హైదరాబాదు నించి తెప్పించాలి. తొమ్మిది రోజులు పట్టింది.

వచ్చినవాటిని మా శ్రీమతి పరీక్షించింది. మందు సీసా అయినా, పప్పు పొట్లమైనా తేదీ చూడనిదే ఆవిడ ఇంట్లోకి రానివ్వదు. టైరు పక్కన గుడ్డులాంటి గడిలో నాలుగంకెలుంటాయని ఎక్కడ చదివిందో, "ఇదిగో, ఇందులో 1418 అని వుంది, 2018లో పధ్నాలుగో వారం. మిగతా నాలుగూ కొత్తవే. ఇది మార్చమనండి" అంది. మార్చారు. రిమ్ముల కథ మరీ నొప్పి. మావి తుక్కులో కరిగిపోయాయట. పెద్ద టైర్లు ఆ కొట్టువాళ్ళు సగం ధరకు వెనక్కు తీసుకున్నారు. మిగతా సగం నేను ట్యూషను ఫీజు ఖాతాలో రాసుకున్నాను. ఉస్తాదే ఎక్కడెక్కడో తిరిగి నాలుగున్నర అంగుళాల వెడల్పు పాత రిమ్ములు నాలుగు పట్టుకొచ్చి, తుప్పు గీకి, రంగు వేసి, కొత్త ట్యూబులు వేశాడు. స్టెప్నీ రిమ్ము ఒక్కటే మా ఇంటిది.

మాఘంలో ఒక ఆదివారం జీపు ఇంటిముందు నిలబెట్టాను. ఈసారి ఆశ్చర్యాలు పెట్టలేదు. ముందురోజే బాపు పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. సగం కాదు, పూర్తి ధరతో సహా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నా రెక్కలది తప్పు గాదన్నట్టు" అన్నాడు చివరకు. నాకేసి చూడకుండా.

పొద్దున్నే బండి దగ్గరికొచ్చి ముందు టైరును కాలితో ఒకసారి తన్నాడు. తాళం ఇమ్మని చెయ్యి చాపాడు. మేనల్లుడు తోడు ఎక్కబోతే, "నువ్వెందుకు? చదువుకోపో" అన్నాడు. సందు మలుపు దగ్గర బండి ఆగింది. నా గుండె కూడా ఆగింది. మోచెయ్యి కిటికీలో పెట్టుకుని, రెండో చేత్తో తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎటు వెళ్ళాడో చెప్పలేదు. నేను రెండుసార్లు కాఫీ తాగాను, మూడోది చల్లారిపోయింది. గంటన్నర దాటిన తరవాత ఫోను మోగింది. వెనకనించి ఎద్దు మెడగంట వినబడుతోంది.

"వూళ్ళెనే వున్న. మీటర్ల నలభై మూడే సూపెట్టింది."

"సరే బాపూ. నెమ్మదిగా రా."

"వస్త గనీ, స్టెప్నీల గాలి లేదు. ఇన్ని లెక్కలు సేసినవు, అది సూడలేదా?"

చూడలేదు.